పక్కపక్కన నడిచిన రెండు గీతలు

నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. ఉరుములకు భయపడేదాన్ని, వీధికుక్కలకు భయపడేదాన్ని, బడిలో లెక్కల సారు నా వైపు చూడకపోయినా భయపడేదాన్ని. కానీ ఒక గ్రాఫు కాగితం చూసి కాళ్ళు వణకడం మాత్రం జీవితంలో ఒక్కసారే జరిగింది. అది డెబ్బయిల చివర్లో, జహీరాబాద్‌లో, నా మొదటి కొలువులో.

మా ఆఫీసంటే బొంబాయి రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక అద్దె ఇల్లు. లారీ పోయినప్పుడల్లా కిటికీ తలుపులు టపటపలాడేవి. వానాధారపు పంటల మీద లెక్కలు తీసే పథకం మాది. పెద్దసారు కోస్తా వైపు మనిషి, బాగా చదువుకున్నవారు, నవ్వడం మాత్రం ఆ చదువులో లేనట్టుంది. ఆయన కింద ఊళ్ళు తిరిగి వివరాలు తెచ్చేవాళ్ళం ఇద్దరం. ఒకదాన్ని నేను. రెండో ఆయన నాకంటే బాగా పెద్దవాడు, పెళ్ళాం పిల్లలున్నవాడు. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆయన పుట్టింది ఝరాసంగం దగ్గర పల్లెలో, అందుకని అటువైపు ఊళ్ళు ఆయనకిచ్చారు. కోహీర్ వైపు ఊళ్ళు నాకు వచ్చాయి. ఇద్దరివీ ఆరు నెలలకోసారి పొడిగించే కొలువులు. పొడిగింపు రాకపోతే మరునాడు ఇంట్లో కూర్చోవడమే. నాన్న పోయాక అమ్మ, చెల్లి, తమ్ముడు నా జీతం మీదే ఉన్నారు. కాబట్టి పొడిగింపు నెల వచ్చిందంటే నాకు అన్నం సయించేది కాదు.

ఆ యాసంగిలో, అంటే చలికాలపు పంటకు, సారు మాకు అప్పగించిన పని చూడడానికి సులువైనదే. చేనులో ఎన్ని బండ్ల పెంట ఎరువు తోలితే జొన్న ఎంత పెరుగుతుందో తేల్చాలి. చేనులో తాడు కట్టి చిన్న చదరం గుర్తు పెట్టాలి. ఆ ముక్కలో కంకులు విడిగా కోయించి, విడిగా కొట్టించి, వచ్చిన గింజలు కొలిపించాలి. ఆఫీసులో ఉన్న ఒక్క కాటా చెడిపోయింది. అందుకని సారు బజారులో ఒకే దుకాణంలో గింజలు కొలిచే ఒకే రకం ఇనుప సోలలు రెండు కొని మాకు చెరొకటి ఇచ్చారు.

కల్లంలో కొలిచేది రైతే. మనం చెయ్యి పెట్టకూడదు. చెప్పులు విడిచి ఒక అంచున నిలబడాలి. కొలుస్తున్నంతసేపూ ఎవరూ నోరెత్తకూడదు, ఎత్తితే రాశి తరుగుతుందంటారు. రైతు పైకి చెప్పే లెక్క విని రాసుకోవడమే మా పని. నాలాంటి పిరికిదానికి అంతకంటే మంచి ఉద్యోగం ఉంటుందా? నోరు మూసుకుని నిలబడితే జీతమిస్తారు!

కోతలు చివరికొచ్చాక ఇద్దరం తెచ్చిన అంకెలు సారు ముందు పెట్టాం. ఆయన నన్ను కూర్చోబెట్టి లెక్క నేర్పారు. పక్కన పిడి ఉండి, ముందుకు తిప్పితే గుణకారం, వెనక్కి తిప్పితే భాగహారం చేసే ఇనుప మిషను ఒకటుండేది మాకు. లెక్క పేరు రిగ్రెషన్. ఒక్కో చేను కాగితం మీద ఒక్కో చుక్క. ఆ చుక్కలన్నిటి మధ్యలోంచి, అన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే గీత ఒకటి పట్టుకోవాలి. ఆ గీత ఏటవాలును బట్టి బండి పెంటకు ఎంత గింజ పెరుగుతుందో తెలుస్తుంది. అంతవరకూ నాకు హాయిగానే ఉంది.

"ఇప్పుడు అసలు పరీక్ష" అన్నారు సారు. "కోహీర్ వైపు చుక్కలకూ ఝరాసంగం వైపు చుక్కలకూ ఒకే గీత సరిపోతుందా, లేక వేరు వేరు గీతలు కావాలా చూడాలి."

నాకు అర్థమైనంతలో అది జాకెట్ల లెక్క. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే కొలత మీద జాకెట్లు కుట్టి ఎంత వదులో, ఎంత బిగుతో చూస్తాం. తరువాత ఎవరి కొలతకు వాళ్ళకు కుట్టి చూస్తాం. రెండోసారి కాస్త మెరుగ్గా కుదిరితే అందులో వింతేమీ లేదు, ఒకే కొలత చాలు. మరీ మెరుగ్గా కుదిరితే మాత్రం ఆ ఇద్దరి ఒళ్ళూ వేరన్నమాట. ఎంత మెరుగైతే మరీ మెరుగు అనుకోవాలో చెప్పడానికి పుస్తకం వెనక పట్టిక ఉంటుంది. మన లెక్కలో వచ్చిన అంకె పట్టికలో ఉన్నదానికంటే తక్కువైతే రెండు గుంపులూ ఒకటే. ఎక్కువైతే వేరు.

మాకు ఎక్కువ వచ్చింది. ఏదో ముక్కుతూ మూలుగుతూ హద్దు దాటినట్టు కాదు, పట్టికను ఎక్కడో కిందికి వదిలేసి పోయింది. నేనే తప్పు తిప్పి ఉంటానని మొదటి నుంచీ మళ్ళీ తిప్పాను. జబ్బలు పీకాయి గానీ అంకె మారలేదు.

సారు గ్రాఫు కాగితం తీసుకుని రెండు గీతలూ గీశారు. అప్పుడు చూశాను. రెండు గీతల వాలూ ఇంచుమించు ఒకటే. బండి పెంటకు పెరిగే గింజ అటూ ఇటూ సమానమే. కానీ ఝరాసంగం గీత మొదటి నుంచి చివరి దాకా కోహీర్ గీతకు కిందుగా, అదే ఎడంతో, రైలు పట్టాల్లాగా పక్కనే నడుస్తోంది. సారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, అన్నను కూడా లోపలికి పిలిచారు.

"రెండు వైపులా నల్లరేగడి చేలే ఎంచాం. వాన ఒకటే. విత్తనం ఒకటే. సోల ఒకే దుకాణానిది" అన్నారు, పెన్సిలు బల్ల మీద పెట్టి. "నిజంగా నేలలో తేడా ఉంటే గీతలు ఎక్కడో ఒకచోట దగ్గరవుతాయి, ఇంకోచోట విడిపోతాయి. ఇంత పొందికగా నడవవు. మీ ఇద్దరిలో ఒకరు ఊళ్ళకు పోలేదు. రెండోవాళ్ళ అంకెలు చూసి, అనుమానం రాకుండా ప్రతిదాన్నీ కాస్త అటో ఇటో జరిపి రాశారు. ఎవరో నాకు తెలియదు, ఆ సంగతి ఈ పరీక్ష చెప్పదు. తేడా ఉందని మాత్రమే చెబుతుంది. సోమవారం ఉదయం నాకు ఎవరో ఒకరు నిజం చెప్పాలి. ఒప్పుకున్నవాళ్ళను మందలించి వదిలేస్తాను. ఎవరూ ఒప్పుకోకపోతే ఇద్దరికీ పొడిగింపు ఉండదు."

నేను ప్రతి ఊరికీ పోయాను. కోహీర్ దాకా బస్సులో, అక్కడి నుంచి కాలినడకన, ఎండలో, కుక్కల భయంతో పోయాను. ఆ మాట చెబుదామని నోరు తెరిస్తే గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. అన్న గోడకు ఆనుకుని తన కాలివేళ్ళ వైపు చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఆ సామెత కట్టినవాడికి పిరికివాళ్ళ సంగతి తెలియదు. మేం గుమ్మడికాయ ముట్టకపోయినా తడుముకుంటాం.

బయటికొచ్చి బస్టాండు ఎదుట హోటల్లో చాయ్ తాగాం. ఎప్పుడూ నవ్వుకుంటూ తాగేవాళ్ళం. ఆరోజు ఆయన గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"నువ్వు అన్ని ఊర్లు తిరిగినవు గద చెల్లె?" అన్నాడు చివరికి.

"తిరిగిన అన్నా. నువ్వు?"

"అదేం మాట? అవి నా ఊర్లే గద."

అది జవాబు కాదని నాకనిపించింది. తన ఊళ్ళే కాబట్టి పోకుండానే అంకెలు రాయగలడు కదా అని ఒక పురుగు తొలిచింది. ఆయన కూడా నా వైపు అదే చూపు చూశాడు. నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. నేను తప్పు చేయలేదని నిరూపిస్తే ఆయన పిల్లల కంచంలో మన్ను పోసినట్టు. నిరూపించకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. చాయ్ చల్లారిపోయింది. వగరుగా ఉన్నా తాగేసి ఎవరి దారిన వాళ్ళం పోయాం.

ఇంట్లో అమ్మకు చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ మొహం వేలాడేసుకుని కూర్చుంటే అమ్మ ఊరుకుంటుందా? గీతల సంగతి చెప్పినా ఆమెకు అర్థం కాదు. కొలువు పోయేలా ఉందన్నది మాత్రం వెంటనే అర్థమైంది.

"తప్పు జేసినవా బిడ్డా?"

"చెయ్యలేదమ్మా."

అమ్మ బియ్యంలో మెరిగెలు ఏరుతోంది. "చెయ్యకున్నా ఏమాయె, చేసిన అని చెప్పు. సారు కాళ్ళు మొక్కు. ఒప్పుకుంటె ఇడిసి పెడతనన్నడు గద. పెద్దోళ్ళతోని సై అంటె సై అంటె మనకు గిట్టుబాటు అయితదా?" అంది. "చెల్లె బడికి పోతున్నది. తమ్ముని పీజు కట్టాలె. నీ మర్యాద గురించి తర్వాత సూద్దం."

నాకు కోపం వచ్చింది. ఆ కోపం అమ్మ మీద నిలవలేదు. ఆదివారమంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. బట్టలు ఉతుకుతూ, నీళ్ళు పడుతూ మాటలు కూర్చుకున్నాను. "సార్, నేనే సార్. ఎండకు పోలేక ఇంట్లో కూర్చుని రాశాను. అన్న అంకెలు చూసి రాశాను. ఈసారికి క్షమించండి." అద్దంలో చూస్తూ అన్నాను కూడా. మొదట మాటలు తడబడ్డాయి. రెండు మూడుసార్లు అన్నాక అది నిజంగానే జరిగినట్టుంది. చేయని తప్పు ఇంత తొందరగా నోటికి అలవాటవుతుందని నాకప్పటిదాకా తెలియదు.

సోమవారం పొద్దున్నే బయలుదేరాను. దారిలో చెరకు బండ్లు అడ్డమొచ్చాయి. ఫ్యాక్టరీకి పోయే బండ్లు, ఒకదాని వెనక ఒకటి, ఎడ్లు నురగలు కక్కుతూ పోతున్నాయి. అవి పోయేదాకా రోడ్డు దాటలేక నిలబడ్డాను. మనసులో మాటలు వల్లె వేసుకుంటున్నాను. ఆఫీసు వాకిట్లోకి వచ్చేసరికి సారు గది తలుపు తీసి ఉంది. లోపలి నుంచి అన్న గొంతు వినిపించింది.

"నేనే సార్. ఇంట్ల గూసోని రాసిన. చెల్లె లెక్కలు సూసి జర తక్కువేసి రాసిన. మాఫ్ చెయ్యున్రి."

నాకు ముందు వచ్చింది సంతోషం. దాన్ని దాచడం ఎందుకు? ఒళ్ళంతా తేలికైపోయింది. వెంటనే కోపం వచ్చింది. ఇన్ని రోజులుగా నా ప్రాణాలు తోడింది ఈ మనిషా అనుకున్నాను. ఆయన చెప్పింది నిజమా కాదా అని నాకు అనుమానమే రాలేదు. మనిషి తన నోటితో చెబుతుంటే కాదనేదెవరు?

సారు అరవలేదు. ఆయన అరవకపోతే నాకు మరీ భయం. మందలిస్తానన్న మనిషి మాట మార్చి, ఈ విషయం పైకి రాయక తప్పదన్నారు. తరువాత నన్ను లోపలికి పిలిచారు. "మీ వైపు కల్లాలు ఎత్తేశారు కదా. ఈయన వైపు ఆలస్యంగా కోశారు, ఇంకా ఒకటి రెండు ఉండాలి. ఈ రోజే నువ్వు పోయి నీ చెవులతో విని రాసుకురా. ఈయన దారి చూపిస్తాడు. నీ దగ్గరున్న సోల తీసుకుపో" అన్నారు.

ఝరాసంగం బస్సులో ఆయన ముందు, నేను వెనక కూర్చున్నాం. మాటల్లేవు. బస్సు దిగి నడుస్తున్నప్పుడూ లేవు. నేను కావాలనే పది అడుగులు వెనక నడిచాను. అంత దూరం మొహం మాడ్చుకుని నడవడం నాకూ కష్టంగానే ఉంది, కానీ పట్టు వదలలేదు. చివరికి కల్లం కనిపించింది. ఒక ముసలి రైతు తలగుడ్డ సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏం అల్లుడా, మల్లొచ్చినవ్? మొన్ననే గద పక్క చేను కొలిపిచ్చుకొని పోతివి" అన్నాడు అన్నతో. "ఎండదెబ్బకు ఆ రోజు పండుకుంటివి, పానం మంచిగున్నదా ఇప్పుడు?"

ఈ మనిషి ఇక్కడికి వచ్చాడు. ఎండలో వచ్చాడు, కొలిపించుకున్నాడు, పడిపోయాడు కూడా. మరి పొద్దున సారు ముందు చెప్పిందేమిటి? ఆయన వైపు చూశాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇంట్లో కూర్చుని రాయకపోతే ఆ అంకెలు ఎందుకు తగ్గాయి? ఆయన కాకపోతే మళ్ళీ అనుమానం నా మీదికే కదా వచ్చేది? ఒక చెయ్యి కల్లం పక్కనున్న బండి చక్రం మీద వేసి నిలబడ్డాను.

ముసలాయన చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి, చదరం ముక్కలో వచ్చిన రాశికి దండం పెట్టి సోల ముంచాడు. కల్లమంతా నిశ్శబ్దం. మొదటి సోల కళ్ళకద్దుకుని "లాభం" అన్నాడు. అది నాకు అలవాటే. కల్లంలో ఎక్కడా ఒకటి అనరు, మొదటిదానికి లాభం అంటారు. మా కోహీర్ ఊళ్ళలోనూ అంతే, లాభం, రెండు, మూడు అంటూ పోతారు. నేను రెండు అన్న మాట కోసం చూస్తున్నాను.

ముసలాయన రెండో సోల పోస్తూ "ఒకటి" అన్నాడు.

తరువాత రెండు అన్నాడు, మూడు అన్నాడు. నేను వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుతూ పోయాను. గొంతు దాకా వచ్చిన మాటను మింగి మింగి నిలబడ్డాను, మాట్లాడితే రాశి తరుగుతుంది కదా. ఆయన సోల బోర్లించి చివరి లెక్క చెప్పాడు. నా వేళ్ళ లెక్క దానికి ఒకటి ఎక్కువ. నేను పొరపాటు పడ్డానేమో, భయంలో ఒక కణుపు దాటేశానేమో! కొలిచిన రాశిని మళ్ళీ కొలవమనడానికి లేదు, అది అరిష్టం. పక్కనే ఇంకో ముక్క గింజలు గుడ్డలో పోసి ఉన్నాయి. అవి కొలిచేదాకా ఆగాను. మళ్ళీ లాభం, మళ్ళీ ఒకటి. మళ్ళీ నా లెక్కకు ఒక సోల తక్కువ.

"లాభం పోసింది లెక్కల వెయ్యరా తాతా?" అని అడిగాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"లాభం ఎట్ల లెక్కేస్తరు బిడ్డా? అది దేవునిది."

"మరి ఆ గింజలు గుడికి ఇస్తరా?"

"గుడికెందుకు? బస్తాలనే పోస్తం" అన్నాడు ముసలాయన, నన్ను వింతగా చూస్తూ.

అన్న నా పక్కకు వచ్చాడు. "మా దిక్కు అంతే చెల్లె. చిన్నప్పటిసంది అట్లనే ఇన్న. మీ దిక్కు వేరేనా?" అన్నాడు. ఆయనకు ఇంకా అర్థం కాలేదు. నాకు అర్థమై ఏడుపొచ్చింది. ప్రతి చేనుకూ ఒక సోల. పెంట ఎక్కువ తోలిన చేనుకూ ఒకటే, తోలని చేనుకూ ఒకటే. ఆ గీతలు రెండూ ఎందుకు దగ్గర కాలేదో, ఎందుకు విడిపోలేదో తెలిసిపోయింది. అక్కడే మట్టిలో పుల్లతో రెండు గీతలు గీసి ఆయనకు చెప్పాను. ఆయన గొంతుక్కూర్చుని చాలాసేపు వాటినే చూశాడు.

"మరి సారుకు అట్ల ఎందుకు చెప్పినవన్నా?" అని అడిగాను.

"భయమైంది" అన్నాడు. "నువ్వు చేసినవో ఏమో అనుకున్న. నువ్వు చెప్పవు, నేను చెప్పకుంటె ఇద్దరం పోతం. ఒకరన్న మిగలాలె గద. ఇంట్ల నా భార్య గూడ చెప్పుమన్నది."

సాయంత్రం ఆఫీసుకు చేరేసరికి సారు ఇంకా ఉన్నారు. నేను జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి ముందు ఆగకుండా మాట్లాడాను. నేను చెప్పింది నమ్మకపోతే ఏమవుతుందోనన్న భయంలోనే అంత వేగం వచ్చినట్టుంది. అంతా విన్నాక సారు "మిషను దగ్గర కూర్చో" అన్నారు. ఝరాసంగం వైపు ప్రతి అంకెకూ ఒక సోల కలిపి, మొదటి నుంచీ లెక్క తిప్పాను. ఈసారి వచ్చిన అంకె పట్టికలో ఉన్నదానికంటే బాగా తక్కువ. రెండు వైపులకూ ఒకే గీత సరిపోయింది.

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పైకి రాయడానికి పెట్టుకున్న కాగితం మడిచి సొరుగులో పడేశారు. అన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"మరి నువ్వు ఊళ్ళకు పోయావు, కొలిపించావు. ఎందుకు ఒప్పుకున్నావయ్యా?"

"మీరే ఒప్పుకొమ్మన్నరు గద సార్" అన్నాడు అన్న.

సారు సొరుగు మూసేశారు. మమ్మల్ని ఇళ్ళకు పొమ్మన్నారు. ఆ నెల ఇద్దరికీ పొడిగింపు వచ్చింది. అమ్మ ఇంట్లో పాయసం చేసింది. ఒప్పుకోకుండానే గండం గడిచిందని, తన సలహా ఊసెత్తకుండా నాకు రెండుసార్లు వడ్డించింది.

నేను ఆ పాయసం తినలేకపోయాను. చెంచా చేతిలో ఉండగా ఒక సంగతి తట్టింది. ఆ పొద్దున చెరకు బండ్లు అడ్డం రాకపోతే సారు గదిలోకి ముందు పోయేదాన్ని నేను. కూర్చుకున్న మాటలన్నీ చెప్పేదాన్ని. అప్పుడు సారు తిరిగి చూడాల్సింది మా కోహీర్ ఊళ్ళను. అక్కడ కల్లాలు ఎత్తేశారు, చూడడానికి ఏమీ లేదు. ఉన్నా మా వైపు లెక్కలో తప్పు లేదు, దొరకడానికీ ఏమీ లేదు. ఝరాసంగం వైపు కల్లాలకు ఎవరూ పోయేవారు కాదు, ఆ ముసలాయన ఒకటి అన్నది ఎవరూ వినేవారు కాదు. నేను ఇంట్లో కూర్చుని దొంగలెక్కలు రాశానన్నది నా నోటి మాటగా అలాగే ఉండిపోయేది. అన్న కూడా దాన్ని నమ్మేవాడు.